మోటారు సైకిలు బీమా: ఎక్కడ తగ్గించవలెను?

మేమొక గ్రామమున విత్తనశుద్ధి చూపుచుండగా ఒక రైతు తన మోటారు సైకిలు బీమా పత్రమును మా చేతికిచ్చి, "అయ్యా, ఇంతకంటె చౌకగా దొరకునా?" అని యడిగెను.

మన బండివలన ఇతరులకు గలుగు నష్టమునకై చేయు బీమా 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టముచే తప్పనిసరి. దాని వెలను నిర్ణయించునది ప్రభుత్వమే. 75 సి.సి. దాటి 150 సి.సి. వరకు గల బండికి 2022 జూన్‌లో సాలునకు 714 రూపాయలుగా నిర్ణయించిరి, పన్ను వేరు. ఈ భాగమున అన్ని కంపెనీలకును వెల యొక్కటే. దీనికై పదిచోట్ల తిరుగుట వృథా శ్రమ. బేరమునకు తావున్నది సొంత బండి నష్టపు బీమాలోనే. బండి పాతబడి వెల తగ్గినచో దానిని మానుకొన్నను మేమాక్షేపింపము.

కాని ఆ రైతు పత్రమున మరియొకటి లేదు. బండి నడుపు యజమాని ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 15 లక్షల రూపాయలిచ్చు భాగమది. అట్టి బీమా వేరే కలదని ఏజెంటు వ్రాయించి, కొలది రూపాయలు మిగిల్చెనట! రైతునకు వేరే బీమా యేదియు లేదు. ఇతరులకై చేసిన బీమా మన ప్రాణమునకు దమ్మిడీ యియ్యదు. పాడిగేదెకు బీమా చేయించువారు తమ దేహమునకు మానుట యేమి లెక్కయో మాకు తెలియదు.

ఆ భాగమును వెంటనే చేర్పింపుమంటిమి. చెల్లునట్టి లైసెన్సు లేనివానికి ఆ సొమ్ము రాదు గనుక, లైసెన్సు కూడ చూపుమంటిమి. దాని గడువు నిరుటనే తీరియుండెను.