సివిక్స్ చదివినోళ్లకు సర్కారు ఎందుకు తెల్వదు?

సైబర్ టవర్స్ చౌరస్తాల నిలవడి ఐటీ కొలువు చేసే పదిమంది పోరగాళ్లను ఆపి అడగండి. మీ ఇంటి ముందటి మోరీ పొంగితే బాధ్యత ఎవరిది? గ్రేటర్ కార్పొరేషన్‌దా, జలమండలిదా, హెచ్ఎండీఏదా? తొమ్మిదిమంది ఫోన్ తీసి యాప్ చూస్తరు. పదో తరగతి సోషల్‌ల వాళ్లంతా మంచి మార్కులు తెచ్చుకున్నోళ్లే.

పోలింగ్ అయిన ప్రతిసారీ టీవీలల్ల వీళ్లను తిట్టుడు ఆనవాయితీ అయింది. 2020 డిసెంబర్‌ల గ్రేటర్ ఎన్నికలకు ఓటేసింది 46 శాతం పైచిలుకే. 2023 అసెంబ్లీ ఎన్నికలల్ల మునుగోడు 91 శాతం దాటింది. ఇంకేముంది, సాఫ్ట్‌వేర్ పిల్లలకు సోయి లేదన్నరు. ఆ తిట్లల్ల మేము గొంతు కలపం. మాదాపూర్ హాస్టల్ గదిల ఉండే పిల్లకు ఓటు ఊర్లె ఉంటది, బస్సెక్కి పోయి వేసొస్తది. ఇక్కడి లెక్కల ఆమె ఉండదు. అయినా పట్టింపు తక్కువన్న మాట అబద్ధం కాదు. దాని మూలం ఎక్కడున్నదో తిట్టేటోళ్లు చూడరు. అది బడిల ఉన్నది.

రాష్ట్రపతికి 35 ఏండ్లు, రాజ్యసభకు 30, లోక్‌సభకు 25. మన బడులల్ల సివిక్స్ అంటే ఇదే. పరీక్షలు దగ్గరపడ్డంక గైడు ముందటేసుకొని బట్టీ కొట్టుడే. ఇగ ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెట్టే బడులల్ల సోషల్ పీరియడ్‌ను లెక్కల సారు గుంజుకపోతడు. పది పాసైతే ఎంపీసీ, రెండేండ్లు హాస్టల్ గోడలు, ఎప్‌సెట్. ఆ గ్రూపుల సివిక్స్ మాటే లేదు. ఓటు హక్కు 18 ఏండ్లకొస్తది. ఆఖరి సివిక్స్ పాఠం 15 ఏండ్లకే అయిపోతది. నడుమ మూడేండ్లు ప్రభుత్వమంటే హాల్ టికెట్, ర్యాంకు, ఫీజు రీయింబర్స్‌మెంట్.

పుస్తకాన్ని తప్పు పట్టలేం. రాష్ట్రం వచ్చినంక అచ్చేసిన పదో తరగతి సాంఘికశాస్త్రంల తెలంగాణ ఉద్యమం పాఠమున్నది, సమాచార హక్కు చట్టం పాఠమున్నది. కానీ ఆ చట్టం చదివిన పిల్లతోని ఒక్క దరఖాస్తు రాయించిన బడి ఎన్నడన్న కనబడ్డదా? 2005ల వచ్చిన చట్టం, పది రూపాయల ఫీజు. పరీక్షల మాత్రం అది నాలుగు మార్కుల ప్రశ్న.

బడి మొఖం చూడనోళ్లు రాజ్యాంగం మాట్లాడిన కాలం మనం చూసినం. ఆర్టికల్ 3 ఏమంటదో హోటల్ల చాయ్ తాగే ముసలాయనకు తెలిసె. 610 జీవో ఏంది, రాష్ట్రపతి ఉత్తర్వులల్ల 14ఎఫ్ ఎవరి కొలువులు గుంజుతదని పోరలు కొట్లాడుకుంట చర్చ పెట్టిరి. 2011ల సకల జనుల సమ్మె 42 దినాలు నడిచింది, సార్లు సుత దిగిండ్రు. ఎవరూ బట్టీ కొట్టలేదు. తమ నీళ్లు, తమ కొలువులు ఆ సెక్షన్లల్ల ఉన్నయని ఎరుకైంది, అంతే.

ఈ ఐటీ కారిడార్‌ల సుత అదే జరిగింది. 2025 మార్చి ఆఖరుకు కంచ గచ్చిబౌలి 400 ఎకరాలల్ల బుల్డోజర్లు దిగినయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డంబడ్డరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమన్నది. ఆ వారం రోజులల్ల అడవి అంటే చట్టం దృష్టిల ఏంది, సర్కారు భూమి ఎవరిది అని కంపెనీ క్యాంటీన్లల్ల సుత మాటలు నడిచినయి.

ఆ క్యాంటీన్ ఉన్న జాగ సంగతే చూడండి. పట్టణాలల్ల ఎన్నికైన కౌన్సిల్ పాలన ఉండాలని 1993ల అమలుకొచ్చిన 74వ సవరణ చెప్పింది, పుస్తకంల ఉన్నది. హైటెక్ సిటీ లేఅవుట్లల్ల మాత్రం ఏండ్ల తరబడి ఆస్తి పన్ను వసూలు చేసింది ‘ఐలా’, అంటే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద నడిచిన స్థానిక సంస్థ. దానికి కార్పొరేటర్లు లేరు, ఎన్నికల్లేవు. పని గంటల చట్టంల కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు సర్కారు మినహాయింపులిచ్చుకుంట వచ్చింది. రాత్రి పదకొండుకు క్యాబ్ ఎక్కే పిల్లకు ఇది ఏ తరగతిలనూ చెప్పలేదు. చెప్పితే అడుగుతది. అడుగుతదనే చెప్పరేమో అని మా అనుమానం.

కొత్త పుస్తకాలు, కొత్త కమిటీలు మేము అడుగుతలేం. మాదాపూర్, కొండాపూర్ బడులల్ల ఈ ఏడు సమాచార హక్కు పాఠం వచ్చిననాడు పిల్లలతోని ఒక్క దరఖాస్తు పెట్టించండి. దుర్గం చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడిదాకనో అడగమనండి. జవాబు 30 రోజులల్ల రావాలె. రాకుంటె మొదటి అప్పీలు ఎట్ల రాయాల్నో ఆ మరుసటి పీరియడ్‌ల చెప్పొచ్చు.