రికార్డులో వెయ్యని బ్యాండు

కిందటేడు ప్రాక్టికల్స్‌లో కోడిగుడ్డు తెల్లసొనతో జెల్ రన్ చేశాం. రంగు వేసి కడిగి చూస్తే, ఉండవలసిన వాటితో పాటు ఒక బ్యాండు అదనంగా కనిపించింది. సీనియర్ల రికార్డుల్లో అది లేదు. నేనూ వెయ్యలేదు. మార్కులు నిండుగా వచ్చాయి. ఆ బ్యాండు మాత్రం నన్నింకా వదల్లేదు.

తర్వాత సెమినారు కోసం పాక్స్ వైరస్‌ల గురించి చదివాను. మన పెద్దలు "అమ్మవారు పోసింది" అన్న మశూచి ఈ కుటుంబానిదే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో కనబడింది. 1980లో మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాన్ని తరిమింది వాక్సినియా అనే చుట్టపు వైరస్‌తో చేసిన టీకా. విచిత్రమేమంటే, ఆ వైరస్ రేణువులో ఏయే ప్రోటీన్లున్నాయో టీకా వేసిన కాలంలో ఎవరికీ పూర్తిగా తెలియదు!

"తెలియకుండానే రోగం పోయింది కదరా, ఇంకా ఆ లెక్కలెందుకు?" అన్నాడు మా రూమ్మేటు.

ఎందుకంటే, రోగం పోయినా కుటుంబం పోలేదు. 2022లో మన పశువులను పొట్టన పెట్టుకున్న లంపీ చర్మవ్యాధిది ఈ వంశమే. అదే ఏడు ఎంపాక్స్ దేశదేశాలకూ పాకింది. రేణువు పైపొరలో ఏ ప్రోటీనుందో తెలిస్తేనే యాంటీబాడీలు దేన్ని పట్టుకోవాలో తెలుస్తుంది. లోపల ఏముందో తెలిస్తేనే దాని బతుకు తెలుస్తుంది. ఈ వైరస్ కణకేంద్రకంలో కాక బయటి కణద్రవ్యంలో పెరుగుతుంది. అందుకే ఆర్.ఎన్.ఏ. తయారుచేసే ఎంజైమును సద్దిమూటలా తనతోనే తెచ్చుకుంటుంది. ఈ సంగతి 1967లో బయటపడింది.

1970ల్లో జెల్‌మీద బ్యాండ్లు లెక్కపెట్టారు. కాని బ్యాండు బరువు చెబుతుందే గాని పేరు చెప్పదు. 1990లో వాక్సినియా జన్యుక్రమం పూర్తిగా చదివారు. జన్యువులు రమారమి రెండు వందలు. ఆపైన ప్రోటీన్లను ట్రిప్సిన్‌తో కోసి, ముక్కల బరువులు మాస్ స్పెక్ట్రోమీటరుతో తూచి, ఆ క్రమంతో సరిచూశారు. అలా 2006 ప్రాంతంలో వచ్చిన జాబితాలను బట్టి, రేణువులోకి చేరేవి దాదాపు ఎనభై అని తేలింది.

నన్ను కదిలించింది ఆ ఎనభై కాదు. వైరస్‌ను పెంచేది కణాల్లోనే కనుక, చక్కెర ద్రావణంలో ఎంత తిప్పి శుద్ధిచేసినా కణం తాలూకు ప్రోటీన్లు కొన్ని వెంట వస్తాయి. అవి వైరస్‌వా, అంటుకొచ్చిన మురికా? ఆ పరిశోధకులు వాటిని దాచలేదు. కనిపించినవన్నీ రాసి, వీటిమీద అనుమానం ఉందని చెప్పారు. ఒకరి జాబితాకూ మరొకరి జాబితాకూ తేడాలొచ్చాయి. ఆ తేడాలనూ అచ్చువేశారు. తర్వాతివాళ్లకు దారి చూపించినవి ఆ తేడాలే.

నేను చేసిందేమిటి? అదనపు బ్యాండును రబ్బరు పెట్టి చెరిపినట్టే చెరిపాను. అది గుడ్డులోదో, కడగని గాజుగొట్టంలోదో ఇక ఎవరికీ తెలియదు.

అధ్యాపకులకు నాదొక మనవి. ప్రతి రికార్డులోనూ "అనుకోనివి" అని ఒక పేజీ పెట్టించండి. దానికి రెండు మార్కులివ్వండి. సోదర విద్యార్థులకు కూడా ఒక మాట. సీనియరు రికార్డు చూసి గీసిన బొమ్మ మార్కులు తెస్తుందేమో గాని, సైన్సు తేదు. ఈసారి కనిపించింది కనిపించినట్టే వేద్దాం. మార్కులు తగ్గితే తగ్గనిద్దాం!