ప్రార్థనా? మాత్రా?

"డాక్టరుగారూ! నా వయసు 46. మాది శంషాబాద్ దగ్గర పల్లె. మా ఆయన రాత్రిపూట విమానాశ్రయానికి టాక్సీ నడుపుతారు. మా అబ్బాయి కువైట్ వెళ్ళి ఎనిమిది నెలలైంది. వాణ్ణి సాగనంపి వచ్చిన నాటినుంచి ఇంటిమీదుగా విమానం పోతే చాలు, గుండె దడదడ కొట్టుకుంటుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర ఉండదు. ఇ.సి.జి. తీసి ఏమీ లేదన్నారు. తర్వాత మానసిక వైద్యుడు మాత్ర రాశారు. మేము క్రైస్తవులం. ప్రార్థన చేసుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. మా ఆడబిడ్డ మాత్రం, 'విశ్వాసం ఉన్నదానివైతే మాత్ర ఎందుకు వేసుకుంటున్నావు?' అంటోంది. రెంటిలో ఏది మానాలో చెప్పండి."

అమ్మా! ముందే చెబుతున్నాను. రెంటిలో ఏదీ మానకండి. ఎందుకో వివరిస్తాను.

'ఏమీ లేదు' అనే మాట మేము డాక్టర్లం రోజుకు పదిసార్లు అంటాం. నేనూ అన్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు ఇదే బాధతో మూడోసారి నా దగ్గరకు వచ్చింది. చీటీ తిరిగి ఇచ్చేసి, "నీకేమీ లేదమ్మా, ఇంటికి పో" అన్నాను. ఆమె కదలలేదు. "ఏం లేకుంటే ఈ పానం ఇట్లెందుకు కొట్టుకుంటది సార్?" అంది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. నేను జవాబు చెప్పకుండానే పంపేశాను. ఆ జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆపద ఎదురైతే మన శరీరం పరుగెత్తడానికో, ఎదిరించడానికో సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చెమట పడుతుంది. ఊపిరి వడివడిగా ఆడటంవల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఎదురుగా పులి ఉంటే ఇదంతా మేలే. పులి లేకుండానే శరీరం పులి వచ్చిందనుకుంటే అదే ఆందోళన వ్యాధి. మీ విషయంలో విమానం చప్పుడే ఆ పులి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది కనుక ఆ చప్పుడు మీకు కొత్త కాదు. కాని ఇప్పుడది మీ అబ్బాయి వెళ్ళిన చప్పుడు. మీ బాధ కల్పన కాదు. పిరికితనమూ కాదు.

మరి ప్రార్థన ఏం చేస్తుంది? దేవుడు ఏం చేస్తాడో చెప్పడం నా పని కాదు. నేను శరీరం సంగతే చెప్పగలను. 2001లో ఇటలీలోని పావియా నగరానికి చెందిన డాక్టర్ లూచియానో బెర్నార్డి, ఆయన సహచరులు 23 మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షించారు. వారిచేత కేథలిక్కులు జపమాలతో చెప్పే ప్రార్థనను లాటిన్‌లో చెప్పించారు. మన దేశపు మంత్రం ఒకటి కూడా జపింపజేశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా దిగింది. మామూలుగా మనం 12 నుంచి 20 సార్లు పీలుస్తాం. ఊపిరి అంత నిదానించినప్పుడు గుండెకూ, రక్తపోటుకూ మంచి లయ వచ్చింది. మీరు ప్రార్థించాక గుండె నెమ్మదించడం ఇందుకు తగినట్టే ఉంది.

రెండో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. 2006లో అమెరికాలో డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ బృందం, గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది రోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించింది. ఇతరులు వారికోసం ప్రార్థించినందువల్ల ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గలేదు. కనుక 'ప్రార్థించాను, ఇక జబ్బు పోవాలి' అని పందెం వేయకండి. ప్రార్థన ఓదార్పు. దాన్ని పరీక్షగా మారిస్తే ఆ ఓదార్పు కూడా పోతుంది.

ఇక మీ ఆడబిడ్డగారి మాట. ఆందోళన అవిశ్వాసమైతే బైబిలులోని కీర్తనల్లో సగం తీసేయవలసి వస్తుంది. భయం, కన్నీరు, నిద్రలేని రాత్రులు వాటినిండా ఉన్నాయి. గెత్సేమనే తోటలో ఏసుక్రీస్తు పడ్డ వేదన మీకు తెలిసిందే. ఆయన ప్రార్థించడమే కాదు, తనతో మేలుకుని ఉండమని శిష్యుల్ని అడిగారు కూడా. ఆ రాత్రి ఆయనకు పట్టిన చెమటను గురించి రాసినవాడు లూకా. ఆ లూకా వైద్యుడని పౌలు లేఖ చెబుతోంది.

మన తెలుగునేల మీద కూడా మందునూ ప్రార్థననూ విడదీయనివారు ఉన్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకోసం ఆస్పత్రి తెరిచారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠురోగుల ఆస్పత్రి ప్రారంభించారు. ఇద్దరూ మిషనరీలే. ప్రార్థన చేశారు, మందూ ఇచ్చారు.

ఇప్పుడు మీరు చేయవలసినవి:

దడ మొదలుకాగానే కూర్చోండి. ఇలాంటి దడ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. మీకు కంఠస్థమైన చిన్న ప్రార్థననో, కీర్తననో పైకి వినబడేలా, నిదానంగా చెప్పండి. ఒక్కొక్క వాక్యాన్ని ఊపిరి వదులుతూ పూర్తిచేసి, ఆగి, ముక్కుతో ఊపిరి తీసుకోండి. దడ లేనప్పుడు కూడా పొద్దునా రాత్రీ పది నిమిషాలు ఇలా అలవాటు చేసుకుంటే అవసరానికి అక్కరకొస్తుంది.

'అంతా భయంగా ఉంది' అని కాక, దేనికి భయమో పేరుపెట్టి చెప్పుకోండి. అబ్బాయి జీతం సంగతా, ఆరోగ్యమా, ఫోను రాకపోవడమా? పేరు పెట్టిన భయంలో మనం చేయగలిగిన పని ఏదో ఒకటి కనిపిస్తుంది. వారానికి ఫలానా రోజు, ఫలానా వేళ ఫోను చేయమని అబ్బాయితో ఒప్పందం చేసుకోండి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా దడ పుట్టిస్తాయి. మీ వయసులో నెలసరి ఆగబోయే ముందు కూడా ఒంట్లో ఆవిర్లు, దడ రావచ్చు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి.

మీ మాత్ర పేరు మీరు రాయలేదు. ఆందోళనకిచ్చే మందులు చాలామటుకు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి గుణం లేదని ఆపకండి. గుణం కనిపించిందనీ ఆపకండి. ముఖ్యంగా ఆల్ప్రజోలమ్ వంటివి అలవాటుపడ్డాక ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. మందుల షాపులో సొంతంగా కొనవద్దు. తగ్గించాలన్నా, మానాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి.

షుగరుకు మందులో, ఇన్సులినో తీసుకునేవారు డాక్టరుతో చెప్పకుండా ఉపవాస ప్రార్థనలకు కూర్చోరాదు. షుగరు పడిపోయినా దడ, చెమట, వణుకు వస్తాయి. అది ఆందోళనే అనుకుని ఊరుకుంటే ప్రాణాపాయం. నిద్ర పట్టనివారు రాత్రంతా జరిగే ప్రార్థన కూటాలకు బదులు పగటి కూటాలకు వెళ్ళడం మంచిది.

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, శ్రమపడినప్పుడు నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఇ.సి.జి. పోయిననెల బాగుందని కూర్చోకుండా 108కి ఫోను చేయండి. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడు వచ్చినా దాచుకోకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరెత్తితే సిగ్గుపడే రోజులు పోవాలి. అదీ ప్రభుత్వ వైద్యశాలే.

చివరగా, మీ ఆడబిడ్డగారితో వాదన పెట్టుకోకండి. ఆమె మీ మేలు కోరే మాట్లాడుతున్నారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మీ ఆయన రోడ్డు మీద ఉంటారు, ఇంట్లో మీరొక్కరే. ఆమె దగ్గరలో ఉంటే, కొన్ని రోజులు వచ్చి మీ ఇంట్లో పడుకోమనండి. మీరు రాత్రి మాత్ర వేసుకునేటప్పుడు నీళ్ళ గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి.