కొత్త చేపకు ముందు వేరే తొట్టి

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవారు లైట్లకూ పంపులకూ ఫిల్టర్లకూ వేలకు వేలు ఖర్చు పెడతారు. కొత్తగా కొన్న చేపను కొన్ని వారాలు విడిగా ఉంచడానికి మరో చిన్న తొట్టి కావాలంటే మాత్రం వెనకాడతారు. నిజానికి మొదట కొనాల్సింది ఆ చిన్న తొట్టినే. పంపు చెడిపోతే మార్చుకోవచ్చు. జబ్బు ఒకసారి ప్రధాన తొట్టిలోకి చేరితే దాన్ని వదిలించుకోవడం దాదాపు అంతా మళ్లీ మొదలుపెట్టడమే.

సముద్రపు చేపలకు తరచుగా వచ్చే తెల్లమచ్చల జబ్బునే చూద్దాం. ఆంధ్ర తీరంలో రొయ్యల రైతులు 1990లలో చవిచూసిన తెల్లమచ్చ వేరు, అది వైరస్ వల్ల వచ్చేది. చేపల్లో దీనికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది చర్మం, మొప్పల పైపొర కిందికి దూరి, మూడు నుంచి ఏడు రోజులపాటు తింటూ పెరుగుతుంది. ఉప్పు రవ్వల్లా కనిపించే మచ్చలు ఇవే. తర్వాత చేపను వదిలి, ఇసుకకో రాయికో అతుక్కుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. అందులో ఒక్కో కణం వందలుగా విడిపోగలదు. బయటపడిన పిల్లకణాలు ఒకటి రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి.

మోసం ఇక్కడే ఉంది. పరాన్నజీవి చేపను వదిలిన రోజున మచ్చలు మాయమవుతాయి. వెల్లుల్లి కలిపిన మేత పెట్టినవారు వెల్లుల్లి పనిచేసిందనుకుంటారు. ఏదో సీసా మందు పోసినవారు ఆ మందే గొప్పదంటారు. గూళ్లు పగలడానికి మామూలుగా మూడు నుంచి 28 రోజులు పడుతుంది. 72 రోజుల తర్వాత పగిలినట్టు కూడా పరిశోధనల్లో నమోదైంది. సముద్రంలో అయితే పిల్లకణాలు అపారమైన నీటిలో చెదిరిపోతాయి. రెండు వందల లీటర్ల తొట్టిలో చేపకు తప్పించుకునే చోటే లేదు. అందుకే రెండోసారి వచ్చే దాడి తరచు మొదటిదానికన్నా తీవ్రంగా ఉంటుంది.

అప్పుడు ప్రధాన తొట్టిలో మందు వేద్దామంటే, బాగా పనిచేసే రాగి నత్తలనూ రొయ్యలనూ పగడాలనూ చంపుతుంది. పైగా సున్నపు రాళ్లు రాగిని పీల్చుకోవడంతో మోతాదు నిలవదు. ఇక మిగిలేది చేపలన్నింటినీ బయటికి తీసి చికిత్స చేస్తూ, రెండున్నర నెలలు ఆ తొట్టిలో చేపలు లేకుండా చూడటం. దానికన్నా ముందే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం తేలిక కదా.

ఆ ఆగడానికి హంగులు అక్కర్లేదు. అడుగున ఇసుక లేని తొట్టి, ప్రధాన తొట్టిలో కొన్ని వారాలు నానిన స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, విడిగా ఒక వల, ఒక బకెట్ చాలు. అమ్మోనియాను మాత్రం రోజూ పరీక్షించాలి. తక్కువ నీటిలో జబ్బుకన్నా ముందు అదే చేపను చంపగలదు. మందు లేని దారి కూడా ఒకటుంది. చేపను 72 గంటలు దాటకముందే, కడిగి ఆరబెట్టిన మరో తొట్టిలోకి మారుస్తూ ఇలా నాలుగుసార్లు చేస్తే, రాలిన కణాలు పిల్లలు పెట్టకముందే వెనక ఉండిపోతాయి. ఇది తెల్లమచ్చలకే పనికొస్తుంది. అంతకన్నా వేగంగా చంపే వెల్వెట్ జబ్బుకు దీన్ని నమ్ముకోకూడదు.

వేరే తొట్టిలో చేప బెదిరిపోతుందనీ, మంచి మేత పెడితే రోగనిరోధక శక్తే చూసుకుంటుందనీ వాదించేవారున్నారు. ఇందులో కొంత నిజముంది. జబ్బునుంచి బయటపడిన చేపకు కొన్ని నెలలు రక్షణ ఉంటుంది. కానీ పైకి ఒక్క మచ్చా లేకుండా, మొప్పల్లో పరాన్నజీవిని మోస్తూ తిరగగలిగేదీ అలాంటి చేపే. దాని పక్కన చేరే కొత్త చేపకు ఆ రక్షణ ఉండదు. బెదురు మాటకొస్తే, పాత చేపల తరుములాట లేకుండా కుదురుగా తిండికి అలవాటు పడే వీలు చిన్న తొట్టిలోనే ఎక్కువ.

భారమంతా కొనేవారి మీదే వేయడం కూడా సరికాదు. చాలా దుకాణాల్లో తొట్టెలన్నింటికీ ఒకే నీరు తిరుగుతుంది. ఎంత చురుకైన చేపను ఎంచుకున్నా, అది పక్క తొట్టిలోని నీటిలో ఈదినట్టే. విదేశాలనుంచి వచ్చే వనామీ తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు పంపాలన్న నియమం ఉంది. రొయ్యల వ్యాపారం ఒప్పుకున్న ఈ జాగ్రత్తను అలంకార చేపల అమ్మకందారులూ పాటించవచ్చు. అలా ఆపి అమ్మిన చేపకు ధర ఎక్కువైతే ఇవ్వడానికి కొనేవారూ సిద్ధపడాలి. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో రూపొందించింది. పగడపు దిబ్బల దగ్గర పట్టి, నాలుగు చేతులు మారి వచ్చిన చేపకన్నా ఇవి మెరుగు. అయినా దుకాణం నీటిలో కొన్ని రోజులున్నాక వాటికీ ఆ చిన్న తొట్టి తప్పదు. నత్తను, పగడపు ముక్కను కొన్నా అంతే. వాటికి ఈ జబ్బు రాదు గానీ, గూళ్లు వాటిని అంటిపెట్టుకుని రాగలవు.