కాఫీకి బిల్లుంది... మరి వైఫైకి?

ఇరానీ హోటల్లో ఒక చాయ్ చెప్పి గంటలకొద్దీ పేపరు చదువుకునే రోజులుండేవి. ఇప్పుడు హోటల్ పోయి కాఫీ షాపు వచ్చింది. పేపరు పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. నిజానికి మన దగ్గర కాఫీకీ ఇంటర్నెట్‌కీ ముడిపడి చాలాకాలమే అయింది. 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే తొలి దుకాణం తెరిచినప్పుడు అది నెట్ సెంటరు కూడా. అప్పట్లో నెట్‌కి డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల కాఫీకి బిల్లు కడితే వైఫై ఊరికే వస్తోంది.

ప్రాజెక్టు పని మీద వచ్చిన కాలేజీ పిల్లలు, ఇంటి దగ్గర కరెంటు పోయి ఆఫీసు పని ఇక్కడ చేసుకుంటున్న ఉద్యోగులు, పిల్లల కోసం ఎదురుచూస్తూ ఆ ఖాళీలో కరెంటు బిల్లు కట్టేసే నాన్నలు... అందరిదీ ఒకటే వైఫై. మరి ఆ గాల్లో వెళ్లే సమాచారం పక్క టేబుల్ వాళ్లకి దొరికితే?

ఒకప్పుడు దొరికేది కూడా! 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే అమెరికా ప్రోగ్రామర్ ‘ఫైర్‌షీప్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ని విడుదల చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో అదే షాపులో కూర్చున్నవాళ్ల ఫేస్‌బుక్, ట్విటర్ ఖాతాల్లోకి ఒక్క క్లిక్‌తో వెళ్లిపోవచ్చని చూపించాడు. దొంగతనం నేర్పడానికి కాదు, వెబ్‌సైట్ల నిర్లక్ష్యాన్ని బయటపెట్టడానికే ఆ పని చేశానన్నాడు. ఆ తర్వాత పెద్ద వెబ్‌సైట్లన్నీ ఒక్కొక్కటిగా ‘హెచ్‌టీటీపీఎస్’ పద్ధతికి మారాయి. అంటే మన ఫోనుకీ బ్యాంకు సైటుకీ మధ్య నడిచే మాటలన్నీ తాళం వేసిన పెట్టెలో వెళ్తాయి. పక్కవాడికి పెట్టె కనిపిస్తుంది, లోపలున్నది కనిపించదు.

అయితే ఇక భయం లేదా? ఉంది. దొంగ ఇప్పుడు తాళం పగలగొట్టడు. మన చేతే తీయిస్తాడు!

అదే పేరు... వేరే మనిషి

వైఫైకి ఎవరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మూలన కూర్చున్న మనిషి తన ఫోను హాట్‌స్పాట్‌కి ఆ కాఫీ షాపు పేరే పెడితే, జాబితాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో ఇలాంటి ఘటనే జరిగింది. విమానాశ్రయాల్లోనూ విమానాల్లోనూ నకిలీ వైఫై పెట్టాడంటూ 2024లో అక్కడి పోలీసులు ఒక వ్యక్తి మీద కేసు పెట్టారు. వైఫై కావాలంటే మెయిల్ లేదా సోషల్ మీడియా పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వాలని అతని పేజీ అడిగేదని చెప్పారు. పాస్‌వర్డ్ మనమే టైపు చేసి ఇచ్చాక ఇక ఏ తాళం మాత్రం ఏం చేస్తుంది?

షాపువాళ్లు బోర్డు మీద పాస్‌వర్డ్ రాసిపెట్టారు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. తాళం వేసి చెవిని గుమ్మానికి వేలాడదీయడం లాంటిదే అది.

మరి ఫోన్ నంబరు ఎందుకు?

చాలాచోట్ల వైఫైకి మన మొబైల్ నంబరు, ఓటీపీ అడుగుతారు. దాని వెనుక ఒక విషాదం ఉంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబయిలో పాస్‌వర్డ్ రక్షణ లేని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. ఆ తర్వాత 2009లో, వైఫై వాడేవాళ్లెవరో తెలిసేలా వివరాలు ఉండాలని టెలికాం శాఖ ఆదేశించింది. కాబట్టి నంబరు అడగడం మామూలే. కానీ ఓటీపీ ఎవరి పేరుతో వచ్చిందో చదవాలి. మెసేజ్‌లో బ్యాంకు పేరో, వాట్సాప్ పేరో ఉంటే అక్కడే ఆగిపోవాలి.

ఇవి గుర్తుంటే చాలు

* వైఫై అసలు పేరేమిటో కౌంటర్లో అడగాలి. జాబితాలో పైనున్నదే సరైనదని అనుకోవద్దు.

* వైఫై పేజీ మెయిల్ పాస్‌వర్డ్, కార్డు నంబరు అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా కుదరదని బయటికి వచ్చేయాలి.

* ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరిస్తే ముందుకు నొక్కొద్దు. తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదని కూడా కాదు. జనం అలా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది.

* డబ్బు పనులకు సొంత మొబైల్ డేటానే వాడాలి. ల్యాప్‌టాప్‌కైనా సొంత ఫోను హాట్‌స్పాట్ మేలు.

* ల్యాప్‌టాప్‌లో ‘పబ్లిక్ నెట్‌వర్క్’ అన్నదే ఎంచుకోవాలి. లేచి వచ్చేటప్పుడు ఆ వైఫైని ఫోనులోంచి తీసేయాలి. లేదంటే అదే పేరు ఎక్కడ కనిపించినా ఫోను దానంతటదే వెళ్లి అతుక్కునే ప్రమాదముంది.

ఇంత జాగ్రత్తపడినా డబ్బు పోయిందా? సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకీ చెప్పాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కాఫీ చల్లారిపోతే ఇంకోటి చెప్పుకోవచ్చు. ఖాతాలో డబ్బు అలా కాదుగా!