మనోవైద్యం - మరమాటలు

రెండు కోరికలు అనుకోకుండా కలిసివచ్చినప్పుడు "రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే" అనడం తెలుగువారికి పరిపాటి. అమెరికాలో మానసిక చికిత్సకు ఇంటర్నెట్‌లో సాగుతున్న ప్రచారంలో ఈ కలయిక అనుకోకుండా జరిగేది కాదు, లెక్క కట్టి కల్పిస్తున్నది. నిద్ర పట్టని మనిషి అర్ధరాత్రి ఏ మాటలతో గూగుల్‌లో వెతుకుతాడో ముందే గమనించి, ఆ మాటల చుట్టూ ఓదార్పు వాక్యాలను అల్లి, వ్యాసాలుగా, ఉత్తరాలుగా, ప్రకటనలుగా కంప్యూటరు చేత రాయించుకొనే వీలు ఇప్పుడు ప్రతి చికిత్సకునికీ ఉన్నది. చివరన "నేడే సంప్రదించండి" అన్న పిలుపు ఉంటుంది. పిలిచేవారు ఆ రాతను ఒక్కసారైనా చదివి ఉంటారన్న హామీ మాత్రం లేదు.

ఈ యంత్రాల పనితీరు తెలిస్తే ఇందులోని చిక్కు బోధపడుతుంది. అపారమైన గ్రంథరాశితో తర్ఫీదు పొందిన భాషా నమూనా, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కించి వాక్యాన్ని కూర్చుతుంది. "మీ బాధ మాకు అర్థమవుతున్నది" అని అది రాసినప్పుడు, ఆ బాధను అర్థం చేసుకొన్నవారు ఎవరూ లేరు. అయినా చదివేవారికి ఉన్నట్లే తోస్తుంది. ఈ భ్రమ వయసు దాదాపు అరవై ఏళ్ళు. 1966లో ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ "ఎలైజా" అనే ప్రోగ్రామును ప్రకటించారు. మానసిక చికిత్సకుని అనుకరిస్తూ, ఎదుటివారి మాటలనే ప్రశ్నలుగా తిప్పి అడగడమే దాని విద్య. అది తయారవుతుండగా కళ్ళారా చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ, ఆయనను గది విడిచి వెళ్ళమని కోరిందట. కంప్యూటరు చేయగలిగినా దానికి అప్పగించరాని పనులున్నాయని వాదిస్తూ 1976లో ఆయన ఒక గ్రంథమే వెలువరించారు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన తీసిపారవేయదగినది కాదు. ఒంటరిగా ప్రాక్టీసు నడుపుకొనే చికిత్సకునికి ప్రచారానికి తీరికా ఉండదు, డబ్బూ ఉండదు. పెద్ద కంపెనీల హోరులో ఆయన పేరు వినబడదు. పనివేళలు, రుసుము, ఇన్సూరెన్సు వివరాలు యంత్రం చేత రాయించి, తాను సరిచూసుకొంటే ఎవరికీ హాని లేదు. కానీ లక్షణాలను వర్ణించి, ఫలానా రుగ్మత కావచ్చునని సూచించి, కోలుకొంటారని ఆశ చూపే వాక్యం చికిత్సలో మొదటి మాట వంటిది. దానికి పూచీపడే మనిషి ఉండి తీరాలి.

పూచీ లేని మాట ఏమి చేయగలదో 2023లో కనబడింది. ఆహార సంబంధమైన మానసిక రుగ్మతలతో బాధపడేవారికోసం అమెరికాలోని ఒక జాతీయ సంస్థ నిలిపిన "టెస్సా" అనే సంభాషణ యంత్రం, వారికే బరువు తగ్గే చిట్కాలు చెప్పింది. సంస్థ దానిని ఉపసంహరించుకోవలసి వచ్చింది.

నియమాలు లేకపోలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతినియమావళి ప్రకారం, ప్రచారపు రాతను ఇతరుల చేత చేయించినా బాధ్యత మనస్తత్వవేత్తదే. లేని మనుషుల పేరిట కల్పించిన ప్రశంసలను ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2024 అక్టోబరు నుండి నిషేధిస్తున్నది. యంత్రం కల్పించినవీ అందులో చేరతాయి. "నేను రాయలేదు, యంత్రం రాసింది" అన్న సమాధానం చెల్లదు.

ప్రవాస తెలుగువారికి ఇందులో మరొక ప్రమాదం ఉన్నది. తెలుగు ఒక్క ముక్క రాని చికిత్సకుడు సైతం నేడు క్షణాలలో తెలుగు పేజీని సిద్ధం చేయించగలడు. పిల్లల దగ్గరికి వచ్చి, ఇంట్లో రోజంతా ఒంటరిగా గడిపే ఒక తల్లి దానిని చదివి, నలుగురూ ఏమనుకొంటారో అన్న జంకును దిగమింగి ఫోను చేస్తే, అవతల పలికేది ఆంగ్లం. "మనసు బాగాలేదు, గుండె బరువుగా ఉన్నది" అన్న ఆమె మాట అక్కడే ఆగిపోతుంది. అటువంటి ధైర్యం మనిషికి పదేపదే రాదు. ఒకసారి భంగపడినవారు మళ్ళీ ఫోను ఎత్తకపోవచ్చు. ప్రకటన ఇచ్చినవారి లెక్కలో అది పోయిన ఒక్క బేరం; ఆ ఇంటికి మాత్రం అది మూసుకుపోయిన తలుపు.

కనుక చికిత్సకులు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి రాత కింద దానిని చదివి ఆమోదించినవారి పేరు, లైసెన్సు సంఖ్య, అది చెల్లే రాష్ట్రం ఉండాలి. తెలుగు పేజీ పెట్టినవారు, తెలుగులో మాట్లాడేది ఎవరో స్పష్టం చేయాలి. ఆపదలో ఉన్నవారికోసం 2022 నుండి దేశమంతటా పనిచేస్తున్న 988 నంబరును పేజీ మొదటనే చూపాలి. పాఠకులు కూడా ఓదార్పు వాక్యాలను చూసి మురిసిపోక, రాష్ట్ర లైసెన్సింగు బోర్డు జాబితాలో ఆ పేరున్నదో లేదో ముందు చూసుకోవాలి. తెలుగు మాట్లాడే చికిత్సకుల పేర్లను రాష్ట్రాలవారీగా సేకరించి ఏటేటా ప్రచురించడం తెలుగు సంఘాలకు అసాధ్యమేమీ కాదు. యంత్రం రాసే వేయి వ్యాసాలకన్నా, ఫోను చేస్తే తెలుగులో పలికే నలుగురి పేర్లున్న ఆ చిన్న జాబితాయే ఎక్కువమందికి అక్కరకు వస్తుంది.