చల్లటి అబద్ధం

మానేశాక ఇది నాకు ఆరో వేసవి. రోజులు లెక్కపెట్టుకునేవాళ్లున్నారు, నేను మాత్రం ఎండాకాలాలు లెక్కపెట్టుకుంటాను. వానాకాలం, చలికాలం ఎలాగో గడిచిపోతాయి. బెజవాడలో రోహిణి కార్తె దాటితే గానీ నాకు ఆ ఏడాది దాటినట్టు కాదు.

ఎండాకాలంలో ఎవరూ ‘మందు తాగుదాం’ అనరు, గమనించారా? ‘చల్లగా ఒకటి వేద్దాం’ అంటారు. మిగతా కాలాల్లో తాగడానికి ఏదో ఒక సాకు వెతుక్కోవాలి. ఇంట్లో గొడవనో, ప్రమోషన్ వచ్చిందనో, రాలేదనో. మే నెలలో ఆ శ్రమ లేదు. సాకు నడినెత్తి మీదే మండుతూ ఉంటుంది. విస్కీ వేడి, బీరు చలవ అని ఏ వైద్య గ్రంథంలో రాశారో గానీ, వైన్స్ ముందు నిలబడ్డ ప్రతివాడికీ అది కంఠతా వచ్చు. నాకూ వచ్చేది.

ఆ చలవ సంగతేమిటో చూద్దాం. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను ఒకటుంది, పేరు వాసోప్రెసిన్. ఆల్కహాల్ దాన్ని అణిచేస్తుంది. అందుకే సిట్టింగులో కూర్చున్నవాడు మాటిమాటికీ లేస్తుంటాడు. పైన చెమట సరేసరి. గొంతులోకి దిగేది చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. ఇక ‘బీరే కదా’ అనే మాట. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో 13 కూడా ఉండదు. అంటే సీసాకి నాలుగు పెగ్గులు. ‘మావాడు మందు మానేసి బీరుతో సరిపెట్టుకుంటున్నాడు’ అని మురిసిపోయే తల్లుల్లో మా అమ్మ కూడా ఒకప్పుడు ఉండేది.

కల్లు ఇంకా చలవట. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. అనేవాళ్లతో నాకు పేచీ లేదు, నా పేచీ ఆ చెట్టుతోనే. ఒకప్పుడు ముంజల కోసం తోటకి వెళ్లి కల్లుతో తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర కొంటాను, డజను ఎంత చెప్పినా బేరమాడను. చెట్టు నుంచి దిగిన కల్లు ఒక ఎత్తు, కల్తీ కల్లు ఇంకో ఎత్తు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన దానికి అలవాటుపడ్డవాళ్లు, 2015లో తెలంగాణలో కట్టడి పెరిగి అది దొరక్కపోయేసరికి, ఫిట్సుతో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల పాలయ్యారు.

మా ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో, అంటే మందు మానేవాళ్లు కలుసుకునే చోట, నాలుగు మాటలు నేర్పుతారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. వీటిలో ఏది మీద పడినా మనసు సీసా వైపు గుంజుతుంది, జాగ్రత్త అంటారు. అమెరికాలో తయారైన జాబితా కదా, అందులో దాహం లేదు. నన్ను ఈ దారిలో పెట్టిన రిటైర్డు మాస్టారు దాన్ని ఐదోదిగా చేర్చారు. “ముందు చెంబుడు మజ్జిగ తాగు, అప్పటికీ గుంజితే నాకు ఫోన్ చెయ్యి” అన్నారు. మొదటి వేసవిలో సాయంత్రం ఆరింటికి నాలుక పీకితే అది మందు కోసమే అనుకునేవాణ్ణి. సగం సార్లు అది ఉత్త దాహమే. మిగతా సగం సార్లు ఫోన్ చేశాను. ఆయన విసుక్కోలేదని చెప్పను, విసుక్కుంటూనే ఎత్తేవారు.

అసలు గండం వేరే ఉంది. పిల్లలకు సెలవులు, మా ఆవిడ పుట్టింటికి ప్రయాణం. సినిమాల్లో ఇదొక జోకు. నాకు మాత్రం ఏడాది మొత్తంలో భయపడే వారం ఇదే. కరెంటు పోయిన రాత్రి మేడ మీద పడుకుంటే, పక్క మేడ మీంచి గ్లాసుల చప్పుడు, ఫోన్‌లో ఐపీఎల్ అరుపులు. టీవీలో మద్యం ప్రకటనలు నిషేధమే. అందుకని అవే పేర్లతో సోడాలు, మంచినీళ్లు వస్తాయి. ఏ సోడా గురించి చెబుతున్నారో ఇంటర్ కుర్రాడికి కూడా తెలుసు.

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో బిల్ విల్సన్ అనే అతను ఇలాగే ఒంటరిగా చిక్కాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన వ్యాపారం బెడిసికొట్టింది, హోటల్లో అటు పక్క బార్ సందడి. ఇటు పక్క టెలిఫోన్. అతను టెలిఫోన్ వైపు నడిచి, మాట్లాడటానికి ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని ఊళ్లోని చర్చిలకు ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఆపరేషన్ చేయడానికి వెళ్లేముందు చేతుల వణుకు ఆగడానికి ఆ రోజు పట్టించింది ఒక బీరు. బీరు మందు కాదనేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను.

ఇక మన సంగతి చూస్తే, 1992లో దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి నిషేధం పెట్టిన రాష్ట్రం 1997లో ఎత్తేసింది. చట్టం, పోలీసులు, చెక్‌పోస్టులు ఉన్న ప్రభుత్వమే రెండేళ్లు దాటేసరికి చేతులెత్తేసింది. అదే పని ఒక మనిషిని ఒంటిచేత్తో, నలభై అయిదు డిగ్రీల ఎండలో, వీధి చివర వైన్స్ పెట్టుకుని మరీ చేయమంటాం. జారిపడితే ‘వాడికి పట్టుదల లేదు’ అని తేల్చేస్తాం.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. రోజూ తాగేవాడు మేలో ఒక్కసారిగా ఆపేస్తే, రెండు మూడు రోజుల్లో చెమటలు, వణుకు, తిక్కమాటలు మొదలుకావచ్చు. వడదెబ్బ అనుకుని ఉల్లిపాయ రసం రాస్తూ కూర్చోవద్దు. అది వడదెబ్బయినా, మందు ఆపినందుకు వచ్చినదైనా రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినవే. అసలు డాక్టర్ని అడిగే మాన్పించాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం మా మేనమామ కొడుకు పెళ్లి. మేడ మీద ఏర్పాట్లు ఉన్నాయని వాట్సాప్‌లో ముందే తెలిసింది. “నువ్వు తాగకపోయినా పర్లేదు బావా, కంపెనీ ఇవ్వు” అని వాడే ఫోన్ చేశాడు. మంచివాడే, ప్రేమగానే పిలిచాడు. తలంబ్రాల వేళకి వస్తాను, భోజనం చేసి వెళ్లిపోతాను, మేడ ఎక్కను అన్నాను. కాసేపు మాట్లాడలేదు వాడు.

“పోనీ మజ్జిగ తెప్పించి కింద పెట్టిస్తా, ఎన్ని చెంబులు తాగుతావు?” అన్నాడు.

అందరూ ఇన్నోవాలో వెళ్తున్నారు. నేను స్కూటర్ మీద వెళ్తాను. తాళం నా జేబులోనే ఉంటుంది.